అనుమానం ఎవరి పేరు మీద?

మారికుప్పంలో పొద్దున్నే బెంగళూరు రైలెక్కి రాత్రికి అదే రైలు దారిన దిగే జనంలో మా చెల్లెలు ఒకతె. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కోలారు బంగారు గనుల ఊరికి ఆ రైలే బతుకుతెరువైంది. చెల్లెలు చేసేది వీడియోలకు గుర్తులు పెట్టే పని. కెమెరాలో పడిన మనుషుల చుట్టూ గీత గీసి, ఇతను నడుస్తున్నాడు, ఈమె పరుగెడుతోంది, వీళ్ళు కొట్టుకుంటున్నారు అని రాసిస్తే, ఆ రాతలు చూసి యంత్రం నేర్చుకుంటుంది. మా మేనమామ బతికిన బతుకూ దీనికి దూరమేం కాదు. తొమ్మిదేళ్ళు గని లోపల పనిచేశాడు. ఊపిరి చాలకపోతే పైకి మార్చారు. అప్పటినుంచి మూతపడేదాకా షాఫ్టు గేటు దగ్గర కావలి. షిఫ్టు దిగి, కేజ్ అనే లిఫ్టులో పైకి వచ్చేవాళ్ళ ఒళ్ళు తడిమి, ఎవరైనా రాయి ముక్క దాచుకున్నారేమో చూడటం ఆయన పని.

పోయిన ఆదివారం మామ వాళ్ళ లైన్లో, అంటే గని కూలీల ఇళ్ళ వరసలో, ఒక కాగితం తిప్పారు. వీధి మలుపుల్లో కెమెరాలు పెడతారట. అవి ఉత్త కెమెరాలు కావు, మనుషుల నడవడి చూసి అనుమానం వస్తే ఫోనుకు కబురు పంపేవి. ఇంటికో సంతకం, ఇంటికి ఇంత అని చందా. మామ కళ్ళజోడు పెట్టుకుని పెన్ను మూత తీశాడు. చెల్లెలు ఆపింది. ఆ తర్వాత నడిచిన మాటలు నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను. ఎవరి మాట నెగ్గాలని నేను పక్కన కూర్చున్నానో ముందే చెప్పడం న్యాయం: చెల్లెలిది. అయితే మామ మాటలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు.

చెల్లెలు: సంతకం పెట్టే ముందు మూడో వరస చదువు మామా. 'అనుమానాస్పద ప్రవర్తనను గుర్తించి హెచ్చరించును' అని ఉంది. అంటే ఏంటని ఎవరైనా అడిగారా?

మామ: అడిగేదేముంది అమ్మణ్ణీ. ఇరవై రెండేండ్లు నేను జీతం తీసుకున్నది ఆ పనికే. కేజ్ దిగి వచ్చేవాని నడక చూస్తే తెలిసిపోతుంది. దాచుకున్నవాడు ఒక కాలు బరువుగా వేస్తాడు. లేకుంటే అడక్కుండానే మాట్లాడతాడు.

చెల్లెలు: నీకు తెలిసిపోయిందన్నదాంట్లో నిజమైంది ఎంత?

మామ: సగం కూడా కాదు. అందుకే యంత్రం రావాలంటా ఉన్నా. నా చెయ్యి ఎవరి ఒంటి మీద ఎక్కువ పడిందో చెప్పనా? కొత్తగా చేరినవాని మీద. నాకు గిట్టనివాని మీద. చినిగిన నిక్కరుతో వచ్చేవాని మీద. ఆఫీసరు వస్తే సలాం కొట్టి పక్కకు జరిగేవాణ్ణి. ఒక మనిషి ఇంకో మనిషి ఒళ్ళు తడమడం ఎంత పాడుపనో చేసినవానికి తెలుస్తుంది. తడిమించుకున్నవానికి ఇంకా తెలుస్తుంది. యంత్రానికి కులం లేదు, కోపం లేదు. చేతిలో పది రూపాయలు పెడితే తల తిప్పుకోదు. దూరం నుంచి చూస్తుంది, ఎవర్నీ ముట్టుకోదు. నాకంటే అది మేలు. ఈ మాట నేను సిగ్గుపడి చెప్తా ఉన్నా, వాదన కోసం కాదు.

చెల్లెలు: దానికి కులం లేదు, నిజమే. కానీ అది చదువుకున్న బడి నాకు తెలుసు. ఆ బడిలో పలక మీద రాసిచ్చేది మేమే. యంత్రం ముందు మనిషిని చుక్కలు చేస్తుంది. ముక్కు, రెండు కళ్ళు, రెండు చెవులు, భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంట్లు, మోకాళ్ళు, చీలమండలు. చాలా చోట్ల వాడే లెక్క ఇది, మొత్తం 17 చుక్కలు. చుక్కల్ని గీతలతో కలిపితే ముగ్గులాంటి బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ కదిలే తీరు చూసి, పడిపోయాడు, గోడ దూకాడు, చెయ్యెత్తాడు అని చెబుతుంది. అంతవరకు బాగానే చెబుతుంది. ఎందుకు అన్నది మాత్రం ఆ చుక్కల్లో ఉండదు.

మామ: నాకు మాత్రం 'ఎందుకు' తెలుసునా?

చెల్లెలు: నువ్వు అడగగలవు. అది అడగలేదు. ఇంకో పద్ధతి ఉంది, అది మరీ కష్టం. ఏది తప్పో ఎవరూ చెప్పరు. గంటల కొద్దీ మామూలు వీడియోలు చూపించి, దీనికి భిన్నంగా ఏది కనబడినా గంట కొట్టమంటారు. అమెరికాలో శాన్ డియేగోలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కాలిబాట మీద తీసిన వీడియోలున్నాయి. ఈ విద్యలో ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి తమ యంత్రాల్ని వాటి మీదే పరీక్షించుకున్నారు. అందులో నడిచేవాళ్ళు మామూలు. సైకిలు తొక్కేవాడు అసాధారణం. గడ్డిలో నడిచినవాడు అసాధారణం. చక్రాల కుర్చీలో వెళ్ళేవాళ్ళూ ఆ జాబితాలోకే వచ్చారు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చెయ్యలేదు మామా. ఎక్కువ మంది చేసేది మామూలు, తక్కువ మంది చేసేది వింత. యంత్రానికి తెలిసిన ధర్మం అదొక్కటే. అరుదైనదానికీ తప్పుకూ తేడా దానికి తెలీదు.

మామ: అమెరికా కాలిబాట మనకెందుకు?

చెల్లెలు: మనదే చెప్తాను. పోయిన నెల నా ముందుకు ఒక క్లిప్పు వచ్చింది. ఏ ఊరో తెలీదు. ఒక ముసలాయన ప్రహరీ పక్కన నడుస్తున్నాడు. పది అడుగులు వేస్తాడు, ఆగుతాడు, గోడకు చెయ్యి ఆనిస్తాడు, అటూ ఇటూ చూస్తాడు, మళ్ళీ పది అడుగులు. కారణం లేకుండా ఒకచోట ఇన్ని సెకన్లకు మించి నిలబడితే 'తచ్చాడుతున్నాడు' అని గుర్తు పెట్టాలని మాకిచ్చిన నియమాల్లో ఉంది. కారణం ఉందో లేదో నాకెట్లా తెలుస్తుంది? పెట్టేశాను. పూటకు ఇన్ని క్లిప్పులు అని లెక్క ఉంటుంది. సాయంత్రం రైల్లో వస్తుంటే బంగారుపేట దాటాక తట్టింది, ఆ నడక నీది.

మామ కాసేపు మాట్లాడలేదు. ఈ ఊళ్ళో ఆ నడక ఆయన ఒక్కడిదీ కాదు. క్వార్ట్జ్ రాయిని తొలిచినప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తుంది. గని వదిలి ఇరవై ఏళ్ళయినా ఆ జబ్బు మనిషిని వదలదు. ఊరుగాములో, ఛాంపియన్ రీఫ్‌లో సాయంత్రం పూట ఏ లైన్లోకి వెళ్ళినా, గోడ పట్టుకుని ఆగి ఆగి నడిచే పెద్దవాళ్ళు కనబడతారు. మా చిన్నప్పుడు మేం దాన్ని ముసలితనం అనుకునేవాళ్ళం.

మామ: సరే. అయితే తప్పు ఎవరిది? నీ నియమాల కాగితానిది. దాన్ని మార్చండి. ఆగి ఆగి నడిచేవాడు దొంగ కాడు అని నేర్పండి. నువ్వు ఆ బడిలోనే ఉండావు కదా, బడి మానేసే మాట ఎందుకు చెప్తావు? నేను గేటు కాడ ఉన్నన్నాళ్ళూ నాకెవరూ ఏమీ నేర్పలేదు. యంత్రమైతే నేర్చుకుంటుంది. ఈ ఏడు తప్పు చేస్తే వచ్చే ఏడు సరిచేసుకుంటుంది.

చెల్లెలు: ఎంత నేర్చుకున్నా ఒక లెక్క దాన్ని వదలదు. మన రాబర్ట్‌సన్‌పేట బజారుకు ఒకరోజు పదివేల మంది వచ్చారనుకో. అందులో పది మంది దొంగలనుకో. యంత్రం నూటికి 99 సార్లు నిజమే చెబుతుందనుకో. నాకు తెలిసినంతలో ఇంత మంచి యంత్రం ఎక్కడా లేదు. ఆ పది మందినీ పట్టుకుంటుంది. మిగిలిన 9,990 మందిలో నూటికి ఒక్కరి దగ్గర పొరపాటు పడుతుంది. అంటే దాదాపు వంద మంది. ఒక దొంగకు పది మంది నిర్దోషులు. వెతికేది ఎంత అరుదైతే పొరపాట్లు అంత పేరుకుపోతాయి. నీకిది కొత్త కాదు. మన గని అడుగున టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళూ జపాన్ వాళ్ళూ కాపు కాయలేదా?

మామ: ప్రోటాన్ కోసం కదా. వాళ్ళ యంత్రానికి కావలసిన ఇనుము షాఫ్టులోకి దిగడం గేటు కాడ నిలబడి చూసినా.

చెల్లెలు: ఆకాశం నుంచి పడే కణాల రొద తగ్గాలని 2.3 కిలోమీటర్ల లోతుకు వెళ్ళారు. అంతకుముందు 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టింది కూడా ఆ లోతులోనే. తర్వాత 1980ల్లో, పరమాణువు లోపల ఉండే ప్రోటాన్ ఎప్పుడైనా చనిపోతుందా అని చూశారు. కొన్ని జాడలు కనబడ్డాయి, ఇవి కావచ్చు అని ప్రకటించారు. ఒహాయోలో ఉప్పు గనిలో, జపాన్‌లో కమియోకా గనిలో ఇంకా పెద్ద తొట్లు కట్టి చూస్తే అలాంటిదేమీ దొరకలేదు. ప్రపంచంలో అంత నిశ్శబ్దమైన చోట, అంత చదువుకున్నవాళ్ళకే 'కావచ్చు' అన్నది 'అవును' కాలేదు. వాళ్ళు దాన్ని 'కావచ్చు' అనే రాశారు, అది వాళ్ళ గొప్పతనం. మన వీధి మలుపులో రొద ఎంత? ఇక్కడ 'కావచ్చు' అన్న మాటకు ఒక పిల్లవాణ్ణి స్టేషన్లో కూర్చోబెడతారు.

మామ: నువ్వు తప్పులే లెక్కేస్తా ఉండావు. మిగిలిన ప్రాణాలు లెక్కెయ్యవా? 2020 మే నెల నీకు గుర్తుంది. మారికుప్పంలో మూతపడ్డ గనిలోకి దొంగతనానికి దిగినవాళ్ళలో ముగ్గురు ఊపిరాడక పోయినారు. అందరూ దొంగలన్నారు. నేను మాత్రం వాళ్ళు లోపలికి దిగిన దారి గురించే ఆలోచించినా. ఆ రాత్రి అక్కడ ఒక కెమెరా ఉండి, ఎవరో కంచె దాటినారని ఒక్క ఫోను మోగించి ఉంటే? నేను గేటు కాడ ఉంటే దిగనిచ్చేవాణ్ణా?

చెల్లెలు: అది పెట్టాలి మామా. నేనే చందా ఇస్తాను. రాత్రి పూట ఆ కంచె ఎవరు దాటినా గంట మోగాలి. కానీ చూడు, దానికి మనిషి నడవడి చదివే పని లేదు. ఒక గీత, గీత దాటితే చప్పుడు. దొంగా, తాగినవాడా, మేక వెనక పడ్డ పిల్లవాడా అని అది తేల్చదు. ఎవరైనా సరే చచ్చిపోతాడని చెబుతుంది. ఈ కాగితంలో మొదటి వరస అదే. నా గొడవ మూడో వరసతో.

మామ: రెండింటికీ తేడా నీకు కనపడినంత పెద్దగా నాకు కనపడదు. గని లోపల జియోఫోన్లు పెట్టినారు, బండ లోపలి చప్పుళ్ళు వినేదానికి. బండ పేలే ముందు, పేలిన తర్వాత ఎక్కడ ఒత్తిడి ఉందో వాటితో కనిపెట్టేవాళ్ళు. ఆ చదువు కోసం 1988లో ఇక్కడే ఒక జాతీయ సంస్థ వచ్చింది. బండ నడవడి చదివి మనుషుల్ని కాపాడినారు కదా. మనిషి నడవడి చదివి మనుషుల్ని కాపాడితే ఏం తప్పు?

చెల్లెలు: బండను వింటే బండకు సిగ్గు లేదు. తనను వింటున్నారని అది చప్పుడు మార్చుకోదు. పొరపాటున బండ మీద అనుమానపడితే దాని పెళ్ళాంపిల్లలు ఏడవరు. కెమెరా చదువుతోందని తెలిసిన రోజున నువ్వు ఊపిరాడకపోయినా గోడ దగ్గర ఆగవు. అదీ నా భయం.

ఇక్కడ మా అత్త కాఫీ తెచ్చింది. మాట కాస్త చల్లబడుతుందనుకున్నాను. మామ గ్లాసు పట్టుకుని నేరుగా చెల్లెలి మొహంలోకి చూశాడు.

మామ: రాత్రి తొమ్మిదికి నువ్వు రైలు దిగి ఆ గని దిబ్బల పక్క నుంచి నడిచి వస్తావు. మీ అత్త వాకిట్లో నిలబడి ఉంటుంది. నీ వెనక ఎవడైనా నడిస్తే చూసే కన్ను ఒకటి వద్దా? ఈ కాగితం నేను దొంగల కోసం చదవలేదు. నీ కోసం చదివినా.

చెల్లెలు: (గొంతు తగ్గించి) నాకు తెలుసు. ఆ దారిలో నాకూ భయమే. కానీ ఆ దారిలో మూడు దీపాలు వెలగవు, వాటి గురించి కాగితంలో ఒక్క వరస లేదు. 2021 జనవరిలో లక్నో పోలీసులు ఒక మాట చెప్పారు. ఆడవాళ్ళ మొహంలో భయం కనబడితే కెమెరా పసిగట్టి దగ్గర్లో ఉన్న పోలీసులకు కబురు పంపుతుందని. ఎవడో వెనక పడుతున్నాడని తెలిసినప్పుడు నేను మొహంలో ఏమీ కనబడనివ్వను మామా. ఫోనులో మాట్లాడుతున్నట్టు నవ్వుతాను. ఈ దేశంలో ఆడపిల్లలందరం నేర్చుకున్న విద్య అది. ఆ నవ్వు చూసి యంత్రం 'సంతోషం' అని రాస్తుంది. మొహం చూసి మనసు చెప్పడం నమ్మదగ్గది కాదని మనస్తత్వ శాస్త్రవేత్తలు 2019లో పరిశోధనలెన్నో తిరగేసి చెప్పారు. యూరప్‌లో ఆఫీసుల్లో, బడుల్లో మనుషుల భావాలు చదివే యంత్రాల్ని 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించారు. వైద్యం, భద్రత కోసమైతే మాత్రం మినహాయింపు ఉంది.

మామ: మన కోలారు జిల్లా నరసాపురంలో జరిగింది చూడు మరి. 2020 డిసెంబర్ 12. ఐఫోన్లు చేసే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో అద్దాలు, యంత్రాలు పగలగొట్టినారు. ఎవరు కొట్టినారో కెమెరాలే చెప్పినాయి. లేకుంటే వేల మందిలో ఎవర్ని పట్టుకుంటారు? కొట్టనివాడు కూడా దెబ్బలు తినేవాడు.

చెల్లెలు: చెప్పాయి. వంద మందికి పైగా అరెస్టయ్యారు. రాయి విసిరిన చెయ్యి కెమెరాకు కనబడింది. అంతకుముందు నెలల్లో జీతం తక్కువ పడిన బ్యాంకు పుస్తకం కనబడిందా? కొందరికి జీతాలు సరిగ్గా ఇవ్వలేదని తర్వాత కంపెనీయే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది, ఇక్కడి ఉపాధ్యక్షుణ్ణి తీసేసింది, ఆపిల్ వాళ్ళు కొత్త ఆర్డర్లు ఆపారు. అంత పెద్ద తప్పు అన్ని కెమెరాల కింద జరిగింది, ఒక్క గంటా మోగలేదు. విరగ్గొట్టడం మంచిదని నేననను. కానీ ప్రవర్తన చూసే యంత్రం ఎప్పుడూ కింద ఉన్నవాడి ప్రవర్తనే చూస్తుంది. యజమాని నడవడికి చుక్కలు పెట్టిన వీడియో ఒక్కటీ ఇంతవరకు నా ముందుకు రాలేదు.

మామ: ఇది మాత్రం కొత్త మాట.

చెల్లెలు: కొత్తది కాదు, మన ఇంటి మాటే. తాత ఏం చెప్పేవాడు? 1930.

ఆ సంవత్సరం మా ఇంట్లో పేరు చెప్పక్కర్లేని సంవత్సరం. గని కూలీలందరి వేలిముద్రలు తీసుకుని నమోదు చేయాలని కంపెనీలు పూనుకుంటే, ఆ ఏప్రిల్‌లో వేల మంది పని మానేశారు. దాదాపు మూడు వారాలు కేజ్‌లు దిగలేదు. అప్పటికి అక్కడ చెప్పుకోదగ్గ సంఘం కూడా లేదు. తమిళం మాట్లాడేవాళ్ళు, తెలుగు మాట్లాడేవాళ్ళు, ఒక గనివాళ్ళు, ఇంకో గనివాళ్ళు, ఎవరూ పిలవకుండానే కలిశారు. ఒకచోట పని పోయినవాడు వేరే గనిలో చేరే దారి మూసుకుపోతుందని, వేలిముద్ర దొంగల దగ్గర తీసుకునేదని వాళ్ళ బాధ అని మా ముత్తాత చెప్పేవాడట. ఆయన కొడుకు మా తాత, తాత కొడుకు మా మామ. గేటు కాడ కావలి ఉద్యోగం వచ్చిందని మామ చెప్పిన రోజు తాత అన్నం తినలేదని అమ్మ చెబుతుంది.

మామ: అప్పుడు వేలిముద్ర వద్దన్నారు. ఇప్పుడు రేషన్ బియ్యానికి వేలే పెడతా ఉన్నా. పింఛనుకు బతికి ఉన్నానని చెప్పేదానికీ వేలే. ఆకాశం విరిగి పడిందా?

చెల్లెలు: వేలు అరిగిపోయి ముద్ర పడక ఎన్నిసార్లు తిరిగొచ్చావో చెప్పవు. అది పక్కన పెట్టు. వేలిముద్ర నువ్వెవరో చెబుతుంది. ఇది నువ్వేం చెయ్యబోతావో చెబుతానంటోంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలతో గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు మన కర్ణాటక హైకోర్టు జడ్జిగా చేసినవారే. మనిషి గోప్యతలోకి ప్రభుత్వం చొరబడాలంటే చట్టం ఉందా, అవసరం నిజమైనదా, అవసరానికి మించి చేస్తున్నారా అని చూడాలన్నారు. మన రాష్ట్రంలో అదే ఏడు వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం చేరే చోట కెమెరాలు పెట్టమంది, 30 రోజుల రికార్డు ఉంచమంది. ఉంచమంది, అంతే. దాన్ని చూసి ఎవడు అనుమానితుడో యంత్రంతో తేల్చమని అనలేదు. హైదరాబాదులో దారిన పోయేవాణ్ణి పోలీసులు ఆపి, మాస్కు తీయించి ఫోటో తీసుకున్నారని ఒకాయన తెలంగాణ హైకోర్టుకు వెళ్ళాడు. అడిగే మనిషి ఒక్కడైనా ఉండాలి కదా.

మామ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత చెప్పిన సంగతి నేను అంతకుముందు వినలేదు, అత్త కూడా వినలేదట.

మామ: ఒకరోజు ఒకడు షిఫ్టు దిగి దాదాపు పరిగెత్తతా వచ్చినాడు. పిడికిలి బిగించి ఉంది, నా వైపు చూడలేదు. పక్కకు పిలిచినా. బట్టలన్నీ విప్పించినా. నలభై నిమిషాలు. ఏమీ లేదు. వాని కొడుకు జ్వరంతో ఆస్పత్రిలో ఉండాడంట, అందుకు ఆ పరుగు. పిల్లోడు బతికినాడు, దేవుని దయ. ఆ తర్వాత ఏండ్ల పాటు రేషన్ అంగడి కాడ వాడు నాకంటే ముందు నిలబడి ఉంటే, నన్ను చూసి పక్కకు జరిగి, "ముందు మీరు పోండి సార్, మీకు ఆలస్యమవుతుంది" అనేవాడు. ఒక్కసారి కూడా గట్టిగా అనలేదు. ప్రతిసారీ అన్నాడు.

చెల్లెలు: యంత్రం ఏ రేషన్ అంగడికి వెళ్తుంది మామా?

మామ: (చాలాసేపటికి) గేటు కాడ రిజిస్టర్ ఉండేది. ఎవర్ని పక్కకు పిలిచినా వాని నంబరు, దాని పక్కన నా నంబరు, టైము, ఏం దొరికింది. దొరక్కుంటే 'ఏమీ లేదు' అని నా చేత్తోనే రాయాల. ఆ పుస్తకంలో 'ఏమీ లేదు'లే ఎక్కువ. అవి రాసి రాసే నా చెయ్యి మెత్తబడింది. లేకుంటే ఇంకా ఎంతమందిని విప్పించేవాణ్ణో.

కాగితం దగ్గరికి లాక్కున్నాడు. షాఫ్టు కంచె గురించిన మొదటి వరస పక్కన టిక్కు పెట్టాడు. రికార్డు దాచే రెండో వరస పక్కన పెట్టాడు. మూడో వరస కింద, స్కేలు లేకుండానే, వణికే చేత్తో రెండు గడులు గీశాడు. ఒకదాని పైన 'అనుమానపడినవారి పేరు' అని, ఇంకోదాని పైన 'ఏమీ లేకపోతే ఇంటికి వచ్చి చెప్పేవారి పేరు' అని రాశాడు. సంతకం పెట్టలేదు.

సాయంత్రం కాగితాల కోసం వచ్చిన కుర్రాడు తిప్పి తిప్పి చూసి, "ఫారంలో ఈ గడులు లేవు కదా తాతా" అన్నాడు.

"గీసినా కదా, నింపుకొని రాపో," అన్నాడు మామ.